గట్టిది

మా కల్యాణదుర్గం తట్టు
మేధావి అనే మాట పుస్తకాల్లోనే పండుకోనుంటుంది.
నోళ్ళల్లో తిరిగేది గట్టోడు.
లెక్కల్లో గట్టి. బేరంలో గట్టి.

పంతొమ్మిదో ఎక్కం గుక్క తిప్పకుండా చెప్పినానని
అయివారు పలక మీద తట్టి
"మేయ్, నువ్వు గట్టిదానివే" అన్నాడు.
ఆ రాత్రి మోచేతి ఎముక తడిమి చూసుకున్యా.
తెలివికీ దీనికీ ఏం చుట్టరికమో!

తెలిసింది శెనక్కాయల మిల్లులో.
ఎండాకాలం సెలవుల్లో
మా చిన్నమ్మ తిప్పక్క పక్కన కూచోని బుడ్డలు ఏరేదాన్ని.
ఆమె ఒక్కో బుడ్డను చెవి కాడ ఆడించి
గలగలమంటే పారేసేది.
"లోపల గింజ ముడుచుకపోతే సప్పుడెక్కువ మే.
నిండుగా ఉండేది పలకదు.
అదీ గట్టి కాయ."

మిల్లు గుమాస్తా ఎర్రిస్వామి, పేరుకే ఎర్రి.
వాడి కాటాలో మా గోతాలు ఎప్పుడూ బక్కచిక్కేవి.
"గట్టోడప్పా" అని నవ్వేవాళ్ళు,
మోసపోయినవాళ్ళు కూడా.

ఒక శనివారం, కూలి పంచే పొద్దు,
తిప్పక్క పొయ్యి కాటా మీద తానే నిలబడింది.
వక్కాకు సంచిలోంచి బస్టాండు మిషన్ చీటీ తీసి
నా చేతికిచ్చింది, తనకు అచ్చరం రాదు గదా.
నలభై మూడు కిలోలు.
చీటీ వెనక అచ్చులో: మీరు నెమ్మదస్తులు.
కాటా ముల్లు ముప్పై తొమ్మిది కాడ నిలబడింది.
"పొద్దున్నుంచి నాలుగు కిలోలు యాడికి పాయె, ఎర్రిసామీ?
నువ్వు గాని తిన్యావా?"

మిల్లంతా పకపక.
ఆ వారం మనిషికి పదకొండు రూపాయలు పెరిగినాయి.
ఆ వారమే మొదలైంది,
"తిప్పక్కా? అబ్బో, అది గట్టిది."

అదే మాట.
గొంతు మాత్రం రోంత కిందికి దిగింది.
వాణ్ణి అన్నప్పుడు వీపు తట్టిన చెయ్యి
ఈమెను అన్నప్పుడు జేబు తడుముకుంది.
మరుసటి సుగ్గికి ఆమెకు పిలుపు రాలే.

ఇప్పుడు నేను బడిలో రిజిస్టర్లు రాస్తా.
మూడో బెంచీ షాకిరా,
నిన్న బోర్డు మీద నా తప్పును
గట్టిగా గూడా అనకుండా, వేలితో చూపించి దిద్దింది.
గుణగణాల గడిలో
చురుకైనది అని సగం రాసి, కొట్టేసి,
గట్టిది అని రాసినా.

హెడ్మాస్టరు ఎర్రసిరాతో చుట్ట చుట్టి తెచ్చినాడు.
"ఇది పొగడ్తా, ఫిర్యాదా మేడం?"

"మీరు ఏ గొంతుతో చదివినారు సార్?"