రోహిణి కార్తె, తొమ్మిదో సీసా

రంగశాయిపేటల మా రేకుల షెడ్డు మీద
తొమ్మిది సీసాలు ఎండకు పెట్టిన.
హైద్రాబాద్ పోయి ఓవెన్ కొనే పైసల్లేవు,
ఓరుగల్లు మే నెల ఉత్తగనే దొరుకుతది.
సీసాకో తెల్ల టేపు, టేపు మీద తారీఖు,
కింద సరోజన చేతిరాత:
"ముట్టద్దు. పరీక్ష."

అప్పటికే పద్దెనిమిది క్యాన్లు వాపసొచ్చినయ్
హంటర్ రోడ్డు ఫంక్షన్ హాలు నుంచి.
క్యాన్లు ఆటోల పంపిండు రత్నాకర్,
మాట ఫోన్ల పంపిండు:
"ఓదేలన్నా, నీ మందు నీళ్లయింది.
నల్లాల మీద ఉప్పు చారలు పోతున్నయ్ గని
నురగ లేదు, జిడ్డు పోతలేదు,
పైకెళ్లి జిడ్డే వస్తున్నది."

మూత తీసి చూసిన.
మాఘంల తేనె తీరు జారిన పచ్చ మందు
చెంచా నుంచి గంజి తేట లెక్క ఉరికింది.
పైన గోరంత మందం నూనె,
కొవ్వొత్తి ఆర్పినంక వచ్చే వాసన.

పంతొమ్మిదేండ్లు డిగ్రీ కాలేజీ ల్యాబుల
టెస్టు ట్యూబులు కడిగిన చేతులు నాయి.
ఏది కలిపితే ఏ రంగొస్తదో ఎరుకే,
ఎందుకొస్తదో ఎన్నడడగలే.
వేదవతి మేడంకు ఫోన్ చేసిన.
ఆమెకిప్పుడు చెవులు సరిగ వినబడయ్,
గని "స్లెస్" అన్న మాట వినబడ్డది.

"దాని తల నీళ్ల దిక్కు, తోక నూనె దిక్కు.
నడుమ ఒక్క ఆక్సిజన్ ముడి.
పులుపు ఆ ముడినే కొరుకుతది.
నిమ్మఉప్పు ఎంత ఏసినవ్?"
చెప్పిన.
"ఎక్కడ దాచినవ్?"
రేకుల కిందనే మేడం.
కొంచెంసేపు ఫోన్ల ఫ్యాను చప్పుడే.
"తెగిన ప్రతి తల మళ్ల ఆమ్లమే అయితది, ఓదేలూ.
ఆ ఆమ్లం పక్కదాన్ని తెంపుతది.
మొదలు మెల్లగనే ఉంటది. తర్వాత ఆగదు."

ఫోన్ పెట్టినంక క్యాన్ల దిక్కు చూసిన.
తేలింది జిడ్డు కాదు,
తలలు పోయిన తోకలు.

రోహిణి కార్తెకు రోళ్లు పగులుతయంటరు.
రోళ్లే పగిలినంక
కంటికి ఆనని ముడి ఏ పాటిది!

అందుకే ఈ తొమ్మిది సీసాలు.
కొన్నింట్ల స్లెస్ తగ్గించిన, కొన్నింట్ల పులుపు.
ఒకదాంట్ల ఏమేసిన్నో రాసుకోలే,
సరోజన ఇంకా తిడ్తనే ఉన్నది.
తొమ్మిదోదాంట్ల యాసిడ్ స్లర్రీ,
బెల్లం పాకం రంగుది, డ్రమ్ముల అడుగునుంచి గీకింది.
దాంట్ల గంధకం కర్బనాన్ని నేరుగ పట్టుకుంటదట,
నడుమ మధ్యవర్తి లేడు.
అసలు అదే ఒక ఆమ్లం.
పులుపుల పుట్టినదానికి పులుపు భయమేంది?

కృత్తికల ఎక్కించిన సీసాలు
మిరుగం నాడు దించినం.
అయిదు విరిగినయ్. మూడు మసకబారినయ్.
తొమ్మిదోదాన్ని సరోజన ఆకాశానికడ్డంగ పట్టింది.
కాజీపేట దిక్కుకెళ్లి మొగులు కమ్ముకొస్తున్నది,
సీసాల మాత్రం మొగులు లేదు.
అటుపక్క నిలబడ్డ నా అంగీ గుండీలు
లెక్కపెట్టి చెప్పింది: "నాలుగే ఉన్నయ్. ఒకటి ఊడింది."

రత్నాకర్‌కు ఫోన్ చేసిన.
"నిలబడ్డదా అన్నా?"
నిలబడ్డది.
"నురగ?"
జర తక్కువ.
"పచ్చగనే ఉన్నది గద?"

రేకుల మీద మొదటి చినుకులు పడ్డయ్,
వినబడలేదన్న.