స్టేజీలు లేని దారి

గన్నవరం నుంచి కడపకి
గాలిలో మూడొందల పైచిలుకు కిలోమీటర్లట,
గంట ప్రయాణం.
ఎక్కే టైమూ దిగే టైమూ టికెట్టు మీద
ఒకే కంచంలో తిన్న పిల్లల్లా పక్కపక్కనే ఉన్నాయి.

నా లెక్కలో అది రాత్రి ఎనిమిదింటి సర్వీసు.
బెజవాడ బస్టాండులో రైటంటే
గుంటూరులో టీ,
వినుకొండలో మొహాన కాసిని నీళ్లు,
మార్కాపురంలో డ్రైవరు బాజీకి కిళ్లీ,
కంభం, గిద్దలూరు, పోరుమామిళ్ల,
మైదుకూరులో తెల్లారేది.
ఇరవై రెండేళ్లు ఆ దారిని
స్టేజీ స్టేజీకీ చించి అమ్మినదాన్ని.

ఇక్కడ స్టేజీలు లేవు.
ఎక్కాల్సినవాళ్లంతా ఒకేసారి ఎక్కేశారు.
"ముందుకు జరగండమ్మా" అనబోయి నాలిక కరుచుకున్నాను.
చిల్లర బాకీ ఎవరికీ లేదు.
సంచీ లేని ఎడమ భుజం
ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంది.

"పాసుండగా ఇన్ని వేలు తగలేస్తావా" అన్నాడు మా ఆయన.
"రిటైరైనదానివి, నీకెందుకు నాంచారమ్మా" అన్నారు డిపోలో.
ఎవరికీ బదులు చెప్పలేదు.
పదకొండింటికి కోర్టు.

కిటికీ పక్కన పంకా
తిరిగి తిరిగి కనపడకుండా పోయింది.
కింద కృష్ణ, బ్యారేజీ,
ఆరబోసిన మిరపకాయల ఎరుపు కాస్త,
తర్వాత అంతా మబ్బు.

గిద్దలూరు దాటాక ఒక మలుపుంది.
ఆరేళ్లుగా నేను ఆ రూటు డ్యూటీ అడగలేదు.

దస్తగిరమ్మ గిద్దలూరులో ఎక్కింది.
"ఐదింకా నిండలేదక్కా, కొంచం సూడు" అంది పిల్లోణ్ణి చూపించి.
వాడు నా నడుం దాటాడు.
ముందు పళ్లు రెండూ ఊడిపోయి
చిగుట్లో కొత్తవి తెల్లగా తొంగిచూస్తున్నాయి.
ఏడుంటాయి.
అమ్మ అబద్ధమాడినా పళ్లు ఆడవు.
ఆమెకొక్క టికెట్టే కొట్టాను.
వాడు నవ్వాడు, ఆ సందులోంచే.

కాగితం ప్రకారం పీరయ్య ఆ బస్సు ఎక్కనేలేదు.
రోడ్డున పోతూ అడ్డమొచ్చాడేమో
అంటున్నాడట అవతలి లాయరు.
ఎక్కాడని చెప్పాలంటే
కొట్టని టికెట్టు సంగతి ముందు చెప్పాలి.
నా సర్వీసులో రాయని తప్పు అదొక్కటే.
అది తప్పో కాదో
ఆరేళ్లుగా తేలలేదు నాకు.

మబ్బు విడింది.
నల్లమల ముతక దుప్పటిలా మడతలు మడతలుగా ఉంది.
ఏ మడతలో ఉందో ఆ మలుపు.
పైనుంచి మలుపులుండవనే కదా
ఇంత పెట్టి కొన్నాను.
నీళ్ల సీసా మూత తీసి పెట్టేసరికి
అడవి అయిపోయింది.
దాటామో లేదో చెప్పేవాళ్లు లేరు.

ముందు వరసలో ఒకావిడ, ఒళ్లో పిల్లాడు.
"బాబుకి ఎన్నేళ్లండీ?" అడిగింది విమానం అమ్మాయి.
"రెండింకా నిండలేదు."
నేను కిటికీ వైపు తిరిగాను.
పళ్లు చూడదలుచుకోలేదు.

అయిదు నిమిషాలు ముందే దించారు.
ఎండ ఎర్రమట్టి వాసనేస్తోంది.
నల్లకోటు ముందు అనాల్సిన మాట
మెట్లు దిగుతూ ఒకసారి నోట్లో అనుకున్నాను:
ఎక్కాడు సార్. నేనే కొట్టలేదు.

మెట్ల పక్కన నిలబడి
దిగేవాళ్లను లెక్కపెట్టాను, చేతి అలవాటు.
అరవై ఒక్కమంది.
ఒళ్లో పిల్లాడితో కలిపి.