ఐదో రోజు

"బార్సిలోనాలో ఏం చూశావు నాగుల్‌మీరా?"
మిర్చి యార్డులో తొడిమలు తీసే ఆడాళ్లు
పని ఆపకుండానే అడిగారు.

ఏం చెప్పను.
శాంపిల్ సంచీ మోస్తూ షావుకారు వెనక నాలుగు రోజులు,
ఐదో రోజు నాకు నేనే.
కళ్లకంటే ముందు మడమలు చూశాయి ఆ ఊరిని.

ఒక చర్చి ఉంది.
నూట నలభై ఏళ్లుగా కడుతూనే ఉన్నారంట,
కడుతున్నదాన్ని చూడ్డానికే టిక్కెట్టు.

"మన శంకర్‌విలాస్ బ్రిడ్జికీ పెడితే పోయేది"
అంది పేరమ్మ.
నవ్వులు, దగ్గులు, ఎర్రదుమ్ము.

లోపల ఒక పక్క గాజుల్లోంచి నీలం,
పొద్దు వాలే పక్క ఎరుపు.
ఆ ఎరుపు నా చొక్కా మీదికొచ్చి నిలబడింది.
తేజా, మొదటి కోత, తాలు లేని సరుకు:
రంగు చూసి ధర చెప్పేవాణ్ణి కదా, నోరు పెగల్లేదు.

చెమట తుడుచుకున్నాను.
పొద్దున గదిలో శాంపిళ్లు మూటగట్టిన చెయ్యి అది.

భగ్గుమన్నాయి కళ్లు. ధారలు.
పక్కనున్న ముసలామె, ఏ దేశమో,
రుమాలిచ్చి భుజం నిమిరింది.
తర్వాత అదే రుమాలుతో
తన కళ్లూ అద్దుకుంది.
బల్ల మీద కూలబడి
ఇద్దరం చాలాసేపు ఏడ్చాం.

ఆమెది భక్తో, గుంటూరు ఘాటో
ఇప్పటికీ తేలలేదు.
నాది కూడా.

ఇదంతా వాళ్లకు చెప్పలేదు.
"అద్దాలు బాగున్నాయి" అన్నాను.

ఫిరంగిపురం సౌరమ్మ ఒక్కతే
నా వేళ్లకేసి చూసి
"ఏడ్చావా?" అంది.

గోనెపట్టా దులిపి
గట్టిగా తుమ్మాను.