మూత

శుక్రవారం సాయంత్రం బెర్నిస్ కారెక్కామంటే
ఆదివారం దాకా మాకు మొగుళ్లు లేరు,
మోకాళ్ల నొప్పులు లేవు.
(నొప్పులున్నాయి. మాటవరసకన్నాను.)

విస్కాన్సిన్‌లో అక్టోబరు.
కోత అయిపోయిన మొక్కజొన్న చేలు
మాసిన గడ్డంలా గరుగ్గా, రోడ్డుకి రెండు పక్కలా.
ముందు సీట్లో టోవా, ఒళ్లో కాగితం మ్యాపు.
ఫోను దారి చెబితే నమ్మదు,
మ్యాపు తప్పు చెప్పినా నమ్ముతుంది.
ముప్ఫై ఏళ్లు ఒకే బడి వంటింట్లో
నాలుగు వందల మంది పిల్లలకి మాకరోనీ ఉడకేసినవాళ్లం.
ఎవరి మొండితనం ఎంతసేపటికి మెత్తబడుతుందో
మా ముగ్గురికీ తెలుసు.

నది ఒడ్డున మూడు వీధుల ఊరు.
బ్యాంకు పోయింది, చెప్పుల కొట్టు పోయింది,
పోయిన ప్రతి చోటా పాత సామాను వచ్చి కూర్చుంది.
బ్యాంకు ఖజానా గదిలో ఇప్పుడు బొమ్మలు.
జానెడు మందం ఇనప తలుపు బార్లా తీసే ఉంది,
ఎవరూ ఎత్తుకుపోవడం లేదు.

బెర్నిస్ కెవ్వుమంది.
గోడకి వేలాడుతున్న కోరాన్ని చూసి.
చీటీ మీద: పురాతనం, పద్దెనిమిది డాలర్లు.
"మొన్న గురువారం దీంతోనే కదే క్యారెట్ తురిమాను!"
కొట్టాయన ఓర్విల్ కళ్లజోడు పైనుంచి చూసి
"అయితే మీరు కలవారన్నమాట" అన్నాడు.
ఆ పూటంతా బెర్నిస్ నడకే మారిపోయింది.

టోవా వెతికేది మాత్రం ఒక్కటే.
అత్తగారిచ్చిన చక్కెర గిన్నెకి మూత.
తెల్ల పింగాణీ, అంచున నీలం గీత,
గీత కింద వేలిగోరంత ఆకు.
డెబ్భై తొమ్మిదిలో పగిలింది.
ఎవరు పగలగొట్టారో తను చెప్పదు, మేం అడగం.
అప్పట్నుంచీ దాని మీద సాసరు బోర్లించి ఉంటుంది.
ఆ సంగతి చీమలకి కూడా తెలుసు.
పర్సులో ఒక దారం ముక్క, గిన్నె మూతి కొలత.
ప్రతి కొట్టులోనూ ఓ మూల
గిన్నెలు పోగొట్టుకున్న మూతల డబ్బా ఒకటుంటుంది.
అక్కడ టోవా గొంతుక్కూర్చుని
ఒక్కో మూత చుట్టూ దారం తిప్పుతుంది.
కురచ. కురచ. ఇదీ కురచే.
మేం గుమ్మంలో నిలబడి వానని చూస్తాం.

రాత్రి మోటెల్లో రెండు మంచాలకి ముగ్గురం.
హీటరు మూలుగుతోంది.
చీకట్లోంచి టోవా:
"నేనే. విసిరేశాను. ఆవిడ మీదకి కాదు, గోడకి."
చాలాసేపు హీటరే మాట్లాడింది.
"గోడకేగా" అని బెర్నిస్ అటు తిరిగి పడుకుంది.
కాసేపటికి గురక మొదలెట్టింది కూడా,
అది దొంగ గురకని నాకు తెలుసు.

ఆదివారం, ఇంటిదారిలో, ఆఖరి ఊళ్లో ఆఖరి కొట్టు.
గుర్రపు నాడాలూ తుప్పు తాళాలూ దాటి
అట్టపెట్టె అడుగున నీలం గీత. కింద ఆకు.
దారం తిప్పింది. కొసకి కొస కలిసింది.
రెండు డాలర్లు.
టోవా బేరమాడలేదు.
బేరమాడని టోవాని చూసి మాకు భయమేసింది.
ఒడిలో రుమాల్లో చుట్టుకుని
నూట పది మైళ్లూ మ్యాపు విప్పలేదు.
రెండు సార్లు దారి తప్పాం.

సోమవారం పొద్దున్నే ఫోను.
"పట్టిందా?"
"పెద్దదైంది. అన్న టోపీ తమ్ముడి నెత్తిన పెట్టినట్టుంది."
"కొలిచావు కదే?"
"కొలిచాను. దారమే సాగిపోయింది, మార్తా.
ఇన్నేళ్లు వేళ్లకి చుట్టి చుట్టి లాగితే సాగదా మరి."
ఇద్దరం మాట్లాడలేదు.
ఎన్ని ఊళ్లలో, ఎన్ని డబ్బాల్లో
సరైన మూతని కురచని చెప్పి వదిలేసి వచ్చామో
నేను లెక్కపెడుతున్నాను. తనూ లెక్కపెడుతోంది.
ముందు నవ్విందెవరో గుర్తులేదు.

తర్వాత ఫోను గిన్నె దగ్గర పెట్టి
మూతని వేలితో కదిపింది.
టక్, టక్, టక్కుమని
కాలు కురచైన కుర్చీలా.

"మరి దారం పారేశావా?"

"పర్సులోనే ఉంది."