తెగిన చెప్పు

పార్వతీపురం ప్యాసింజరు దిగి
గంటస్తంభం దాకా బాగానే నడిచాను.
అక్కడ తెగింది ఎడమకాలి చెప్పు.

సారు వెనక్కి చూళ్లేదు.
కోట ముహూర్తంలో అయిదు విజయాలున్నాయట,
రాసుకోమంటూ
ముప్పై రెండు జతల కాళ్లని
లోపలికి తోలుకుపోయాడు.

నేను అసిరయ్య గోనెపట్టా మీద.
"కోట సూడ్డానికొచ్చినావేటి బొట్టీ?"
పళ్ల మధ్య దారం, మాట సగమే బయటికి.

ఆ రాళ్లు మోసినోళ్లకి చెప్పులుండేవా, అడిగాను.
సూది ఆగింది.
"ఏటో... మా తాత సెప్పలేదు."
మేకు పెట్టి రెండు దెబ్బలు వేశాడు.
పది రూపాయలకి నా దగ్గర ఎనిమిదే ఉంటే
అయిదు తీసుకున్నాడు.

రికార్డులో అందరూ బురుజు గీశారు.
నా పేజీలో సారు ఎర్రసిరా:
"కోట ఏది?"

కాలేజీ గచ్చు మీద
ఆ మేకు
ఇప్పటికీ టక్కుమంటోంది.