కుడికాలి బ్రేకు

పోశెట్టి నా చెప్పులు తిప్పి చూసి
ఎప్పుడడిగే మాటే మళ్ళ అడిగిండు:
"ఎడమది కొత్తగనే ఉంది,
కుడిదే ఎందుకమ్మా గిట్ల అరుగుతది?"

ఇరవై రెండేండ్ల సంది నేను ఎడమ సీట్ల కూసునే మనిషిని.
చిక్కడపల్లిల మోటార్ డ్రైవింగ్ స్కూలు,
మూతికి ఎర్ర 'ఎల్' అంటించుకున్న పాత ఆల్టో.
స్టీరింగు నేర్చుకునేటోళ్ళది.
నా కాలి కింద ఇంకో బ్రేకుంటది, అది నాది.

ముషీరాబాద్ చౌరస్తాల బస్సును చూసి
తస్లీమ్ బేగం కండ్లు మూసుకున్నప్పుడు
తొక్కింది ఈ కాలే.
బ్యాంకు మేనేజరు రామలింగాచారి ఇండికేటరనుకొని వైపర్లు తిప్పి
పాలబండి మీదికి పోయినప్పుడూ ఈ కాలే.

మొన్న కోకాపేట కాడ
అద్దాల మేడల నడుమ కొత్త కారు చూపిస్తమని పిలిచిన్రు.
డ్రైవర్ లేడు. స్టీరింగు దానంతటదే తిరుగుతున్నది,
ఎవ్వరూ ఇసరని ఇసుర్రాయి లెక్క.
ఇంజనీరు పిల్లగాడు, పేరు హవీష్,
"మనుషుల కంటె ఇదే భద్రం మేడం, లెక్కలున్నయి" అన్నడు.
ఉండొచ్చు. లెక్కలతోని నాకు కొట్లాట లేదు.
లెక్కకు రానోళ్ళ నడుమనే నేను బండి నేర్పింది.

ముందల తెర మీద రోడ్డంత డబ్బాలు.
నీలం డబ్బా బండి, పసుపు డబ్బా మనిషి.
కంకర తట్ట నెత్తిన పెట్టుకున్న ఆమె
ఒకసారి మనిషైంది,
ఒకసారి స్తంభమైంది,
మళ్ళ మనిషైంది.
ఆ రెప్పపాటుల నా కాలు
ఉత్త నేలను తొక్కింది.

కారు ఆగింది. నిజం చెప్పాలె, మంచిగనే ఆగింది,
నా దగ్గర నేర్చుకున్నోళ్ళల్ల సగం మంది కంటె మెత్తగ.
హవీష్ నవ్విండు.
నా పిక్క ఇంకా బిగుసుకొనే ఉన్నది.

ఈ పట్నంల రోడ్డు దాటుడంటే ఏందో వానికెట్ల చెప్పాలె?
లైటున్న కాడ ఆగరు, గీతున్న కాడ దాటరు.
అరచెయ్యి లేపి అడుగేస్తం, అంతే.
వచ్చేటోడు నిన్ను చూస్తడు, నువ్వు వాన్ని చూస్తవు,
తిట్టుకుంటనే తొవ్వ ఇస్తడు.
ఆ తిట్టే రసీదు,
'నిన్ను చూసిన' అని రాసిచ్చినట్టు.

అట్లని మనుషులను నెత్తికెత్తుకుంట లేను.
భగీరథ్ నా దగ్గర నేర్చుకున్న పిల్లగాడే,
లైసెన్సు వచ్చిన దినం మిఠాయి డబ్బ తెచ్చి కాళ్ళు మొక్కినోడే.
ఒక శనివారం రాత్రి తాగి
నాగోల్ కాడ పంచర్లేసే ఆశయ్య మీదికెక్కిచ్చిండు.
వానికీ రెండు కండ్లున్నయి.
ఆ రాత్రి వాని పక్కన నా కాలు లేదు.
కోర్టుల ఆశయ్య పెండ్లాం
వాని మొకమే చూసుకుంట నిలబడ్డది, పొద్దుగూకేదాంక.
ఒక్క మాటనలే.
చూడనీకి ఆమెకొక మొకమన్న ఉండె.

"రేపు ఇది గుద్దితె ఎవరి మొకం చూడాలె?"
హవీష్‌ను అడిగిన.
"ఇన్సూరెన్స్ ఉంటది మేడం" అన్నడు,
అని, ఎందుకో తనే కిటికీల నుంచి బయటికి చూసిండు.

దిగినంక, కావాలనే దాని ముందట రోడ్డు దాటిన.
అలవాటు కొద్ది చెయ్యి లేచింది.
ఆగింది, దారం కట్టి గుంజినట్టు.
అద్దంల చూస్తె సీటు ఖాళీ,
దాని మీద నా అరచెయ్యే తిరిగి నాకు కనపడ్డది.
ఎవరికి చూపిస్తున్ననో తెల్వక
అది కొంచెంసేపు అట్లనే గాలిల నిలబడ్డది.

"చెప్పకపోతివి, కుడిదే ఎందుకు?"
పోశెట్టి పండ్లతోని దారం కొరికిండు.
"ముందట, వేళ్ళ కింద ఇంకో పొర వెయ్యి" అన్న.
"ఇంకా కొన్నొద్దులు పనున్నది దానికి."