తుప్పు

వెల్లింగ్టన్‌లో వాన, బుధవారం, రెండో ఆట.
తెర మీద ప్రపంచం అప్పటికే అయిపోయింది.
వంతెన సగానికి విరిగి, సముద్రం అడుగంటి,
ఆకాశం తోమని ఇత్తడి రంగులో.
హాల్లో ఎవరో అబ్బా అన్నారు.

"ఆ గడ్డం వాడు మోసం చేస్తాడు, చూస్తూ ఉండు"
అంది నైరీ అత్త, ముందు వరసకి కూడా వినబడేలా.
చేశాడు.
"కుక్క పోతుంది."
పోయింది.
"పిల్ల జేబులో విత్తనం ఉందే, చివర్లో అదే మొలుస్తుంది.
ఇంకో గంట ఓపిక పట్టాలి, అంతే."

నేనేం మాట్లాడలేదు.
పదకొండు నెలలు ఆ ఓడకి తుప్పు పట్టించింది నేను.
పొర మీద పొర, ఏ రేకు తుప్పు ఆ రేకుదే,
కిటికీల్లేని గదిలో, చల్లారిన టీ పక్కన పెట్టుకుని.
కథ సంగతి మమ్మల్నెవరు అడుగుతారు?

ఎడమ మూల, నాలుగో అంతస్తు, గోడ ఊడిన ఇల్లు.
అక్కడొక దండెం కట్టాను, ఎవరికీ చెప్పకుండా.
దాని మీద అత్త ఆకుపచ్చ స్వెట్టర్,
మోచేతి దగ్గర అతుకుతో సహా.
రెండు సెకన్లు.

వచ్చింది. ఊగింది. పోయింది.
అప్పుడు అత్త తల వంచి
సంచిలో పిప్పరమెంటు వెతుక్కుంటోంది.

విత్తనం మొలిచింది. దీపాలు వెలిగాయి.
"ఇందులో నువ్వు చేసిందేది?"
"తుప్పు."
"మా షెడ్డు తలుపు గుర్తొచ్చింది" అంటూ లేచి
చలికి ఆ స్వెట్టరే తొడుక్కుంది.

అతుకు పక్కన ఒక పోగు ఊడి వేలాడుతోంది.
అది నేను వేయలేదు.